చెమట పట్టని మేజర్

ఆ ప్రచురణ సంస్థలో అతన్ని అందరూ కమాండో అనేవారు. అతను రాసిన సైనిక నవలల్లో చచ్చిన శత్రువులందరినీ ఒకచోట చేరిస్తే ఒక చిన్న దేశం ఖాళీ అయ్యేది. అతను మాత్రం బల్లి కనిపిస్తే గది మార్చే మనిషి.

కొత్త నవల ఇచ్చిన కొన్నాళ్లకు, కొత్తగా చేరిన ఎడిటర్ అతన్ని పిలిపించింది. పొగడ్తలు వినడానికి తగినట్టుగా మొహం సర్దుకుని వెళ్లి కూర్చున్నాడు. ఆమె కాగితాల కట్టను అతని వైపు జరిపింది.

"మొదటి అధ్యాయంలో మీ మేజర్ ఒంటిచేత్తో ముప్పై మందిని చంపాడు. చివర్లో మూడొందల మందిని. మధ్యలో ఒక్కసారైనా మంచినీళ్లు తాగాడా?"

"ఇది యాక్షన్ థ్రిల్లరండీ. వంటల పుస్తకం కాదు."

"వంటల పుస్తకమే నయం. ఉప్పు ఎక్కువవుతుందేమోనన్న టెన్షనైనా ఉంటుంది."

అతనికి ఒళ్లు మండింది. హెలికాప్టర్లు, పేలుళ్లు, దేశద్రోహులు ఏ పేజీలో ఎన్ని పడాలో పాఠం చెప్పాడు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. ఆ కళ్లు బాగున్నాయని అతనికి వెంటనే తెలిసింది. వాటిలో ఉన్నది ఆరాధన కాదని తెలియడానికి ఇంకాస్త సమయం పట్టింది.

అంతా విన్నాక, బాంబు పేలినందుకు ఎవరూ పేజీ తిప్పరని ఆమె తేల్చేసింది. ఎవరైనా పోతారేమోనన్న భయంతో తిప్పుతారు. మేజర్‌కి పోగొట్టుకోవడానికి ఎవరూ లేరు, చస్తానన్న భయమూ లేదు. అతనికే లేని బెంగ చదివేవాళ్లకెందుకు?

కమాండో పంతం పట్టాడు. మేజర్‌కి ఒక తల్లిని సృష్టించి తెచ్చాడు. ఆవిడ కూడా తుపాకీ పట్టిందేమిటని ఎడిటర్ అడిగింది. ఈసారి కుక్కను తెచ్చాడు. కుక్క బాగుందనీ, మేజర్‌ని తీసేయొచ్చనీ అంది.

ఇలా వాదనలు నడుస్తుండగా వానాకాలం వచ్చింది. అతను కావాలనే తప్పులు వదిలిపెట్టి రావడం మొదలుపెట్టాడు. తుపాకీ అన్న మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాసినప్పుడు, ఇంకో రోజు వాదించుకోవాలనుంటే నేరుగా అడగొచ్చని ఆమె తలెత్తకుండానే అంది.

ఒక సాయంత్రం ఆమె తన తండ్రి గురించి చెప్పింది. సైన్యంలో పనిచేసి రిటైరైన ఆయన ఇంట్లో ఒక్క యుద్ధం కథ కూడా చెప్పలేదట. సెలవు అయిపోయి వెళ్లే రోజు మాత్రం, కట్టుకున్న బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టుకునేవాడట. 

మరుసటి వారం, మధ్యాహ్నం వేళ, ఆఫీసు కింది అంతస్తులోని కాగితాల గోడౌన్ అంటుకుంది. అలారం మోగగానే అందరూ రోడ్డు మీదికి పరిగెత్తారు. అందరికంటే ముందున్నది కమాండోయే. వానలో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఎడిటర్ లేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని పై అంతస్తులో ప్రూఫులు దిద్దుతూ ఉంటుందనుకున్నాడు.

వాచ్‌మన్ పిలుస్తున్నా ఆగకుండా లోపలికి వెళ్లాడు. మెట్ల మీద పొగ. రైలింగ్ పట్టుకుని, మధ్యలో కూలబడి, మళ్లీ లేచి, ఎలాగో పైకి చేరాడు. గది ఖాళీగా ఉంది. ఆమె లేదన్న ఊరట, తను చిక్కుకుపోయానన్న భయం కలిసి వచ్చేసరికి దగ్గుతూ అక్కడే కూర్చుండిపోయాడు.

అప్పుడు ఎవరో అతని కాలర్ పట్టి లేపారు. ఎడిటరే. వెనకవైపు మెట్ల మీదుగా ఆమె అప్పటికే కిందికి దిగిపోయింది. అతను లోపలికి వెళ్లాడని వాచ్‌మన్ చెబితే మళ్లీ ఎక్కి వచ్చింది. ఆ వెనక దారినే అతన్ని ఈడ్చుకుపోయింది.

ఫైరింజన్ వచ్చి మంటలార్పింది. ఇద్దరూ ఎదుటి పేవ్‌మెంట్ మీద తడుస్తూ కూర్చున్నారు.

"ఎందుకెళ్లారు లోపలికి?"

"మీరు కనిపించలేదు."

"భయం వెయ్యలేదా?"

"కాళ్లు వణికాయి. మెట్ల మీద కూలబడిపోయాను కూడా." మేజర్ అయితే చచ్చినా ఒప్పుకోడు.

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు, కళ్లు నిండాయి. "నువ్వు లోపలున్నావని వినగానే నాకూ వణికాయి."

'మీరు' ఎక్కడో జారిపోయింది. ఇద్దరూ గమనించారు, ఎవరూ వంగి ఏరుకోలేదు.

"నువ్వంటే నాకిష్టం," అన్నాడు. "రాసిస్తే కొట్టేస్తావని నోటితో చెబుతున్నా."

"ఇందులో కొట్టేయడానికేం లేదు," అని ఆమె అతని భుజానికి తల ఆనించింది.

నవల మళ్లీ మొదటినుంచి రాశాడు. అచ్చయ్యాక ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్లాడు. ఆమె తండ్రి ఆ నవల చదవడం ముగించి, కళ్లజోడు తీసి, అతని వైపు తిరిగాడు.

"ఎప్పుడైనా సైన్యంలో పనిచేశావా బాబూ?"

"లేదండీ."

"పోనీ, చేరే ఉద్దేశం ఉందా?"

"లేదండీ."

"మంచిది. సెలవు దొరికితే ఇంటికొచ్చే మనిషి కోసం వీళ్లమ్మ ఎదురుచూసింది చాలు. మా అమ్మాయికి రోజూ వచ్చేవాడు కావాలి."

"రోజూ వస్తానండీ," అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు విన్నాకే పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కోమన్నాడు.