సోనీకి కనపడని రంగులు

శనివారం ఒంటిపూట బడి నుంచి వచ్చిన ఫెబా ఇంకా సంచి దించనేలేదు, ఫోను మోగింది. రాంబిల్లి నుంచి చిన్నాన్న కూతురు సోనీ.

"నా మాటలు ఏవే? ఎర్రగా ఒక్క అక్షరం కూడా లేదు."

రేపే సండే స్కూలు నాటిక. ఫెబా, తమ్ముడు స్టీవెన్, సోనీ వేస్తున్నారు. మాటలన్నీ ఫెబాయే టైపు చేసి చిన్నాన్న ఆఫీసుకు ఈమెయిల్ పంపింది. సోనీ మాటలు ఎరుపు, స్టీవెన్‌వి నీలం, తనవి ఆకుపచ్చ. రంగులుండగా పేర్లెందుకని పేర్లు రాయలేదు. ఆ రంగులు చూసుకుని మురిసిపోయింది కూడా.

"సరిగ్గా చూడవే. కళ్లు నెత్తి మీదున్నాయేటి?" అంది ఫెబా.

"నాన్నతో ఆఫీసుకొచ్చి కంప్యూటర్లోనే చూసేను. అంతా నలుపే. ఏవి నావో తెలీక ముగ్గురివీ బట్టీ పట్టేను. ఎప్పుడు మాటాడాలో మాత్రం తెలీదు. నేను రేపు రానులే." సోనీ ఫోను పెట్టేసింది.

ఫెబాకి సిగ్గేసింది. అన్నం కూడా తినకుండా సందు చివర నెట్ సెంటరుకు పరుగెత్తింది. అది దేముడు మావయ్యది.

"అన్ని కంప్యూటర్లకీ రంగులు రావమ్మా. కొన్నిట్లో ఉత్త అక్షరాలే వత్తాయి," అన్నాడాయన.

"మరెలా మావయ్యా?"

"నీ దగ్గర ఒక్క పెన్సిలే ఉందనుకో. అప్పుడేటి సేత్తావు?"

ఫెబా కాసేపు గోళ్లు కొరికింది. తర్వాత కీబోర్డు దగ్గరకు జరిగింది. ప్రతి మాటకూ ముందు పేరు రాసింది. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ మధ్య ఒక వరస ఖాళీ వదిలింది. గట్టిగా పలకాల్సిన మాటకు రెండు పక్కలా నక్షత్రం గుర్తు పెట్టి, అదెందుకో పైనే చెప్పింది.

పంపేముందు ఆగింది.

"సోనీకి ఎలా కనపడతాదో నాకు సూపించు మావయ్యా."

ఆయన రంగులు లేకుండా చూపించాడు. ఫెబా మొదటి నుంచి చివరి దాకా చదివింది. కింద పెద్ద ఎర్ర అక్షరాలతో ఒక మాట రాయాలనిపించింది. కానీ ఇలా రాసింది.

*సారీ సోనీ*

చిన్నాన్న ఆఫీసు మూసేలోపే సోనీ జవాబు వచ్చింది. రెండే మాటలు.

*నేను వత్తాను*