ఆర్పని పచ్చ దీపం

రాజాంలో పాలకొండ రోడ్డు మీద ఓ గోనెసంచుల కంపెనీ ఆఫీసుంది. అందులో వెనక గది మంచిది కాదంటారు. మంచినీళ్ళ కుండ ఆ పక్కనే ఉంటుంది. పొద్దు వాలితే ఆఫీసంతా దాహానికి ఓర్చుకుంటుందే గాని, అటు ఎవరూ అడుగు వెయ్యరు.

కంప్యూటర్లు చూసే ధనరాజు ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె నొప్పి. మూడు నెలలైంది. అప్పట్నుంచీ ఆఫీసులో సగం మందికి మెయిళ్ళు రావు. అదైనా సరే అనుకోవచ్చు... ఒక్కోసారి జవాబొస్తుంది. ధనరాజు పేరుతో.

"మీ మెయిల్ అందింది. సెలవులో ఉన్నాను. తిరిగొచ్చాక చూస్తాను."

తిరిగొచ్చాక — ఆ ఒక్క మాటకే, బాగుచెయ్యడానికొచ్చిన ఇద్దరు సంచీలు సర్దుకుని వెళ్ళిపోయారు.

మూడోవాడు గిరిబాబు, గజపతినగరం మనిషి. వచ్చిన రోజే గేటు దగ్గర ధనరాజు భార్య రాజకుమారి అతన్ని పట్టుకుంది.

"ఆ గదిలోకి ఎల్తావంట. ఒక్కటి సూసి సెప్పు తమ్ముడూ. డాక్టరు పరీక్షలకి రమ్మన్నాడు. సెలవు అడిగేనన్నాడు ఈయన. అడగనేదని ఆఫీసోళ్ళంటన్నారు. నాతో అబద్ధమాడేడా?"

ఆ కంపెనీలో సెలవైనా చావైనా మెయిల్లోనే చెప్పుకోవాలి. పైవాళ్ళకి ఫోన్ చేస్తే పొగరు కింద లెక్క. వైజాగ్ హెడ్డాఫీసులో కూర్చునే అప్పటి మేనేజరు మానేశాడు, ఆయన మెయిల్ పెట్టె కూడా మూసేశారు. కొత్త మేనేజరు నరసింగరావు మాత్రం, అలాంటి అర్జీ ఏదీ లేదని ఒకటే మాట. మొగుడు పోయిన బాధ ఒక ఎత్తు. కడసారి తనతో అబద్ధం చెప్పి పోయాడేమోనన్నది ఆవిడ్ని బతికుండగానే కాల్చేస్తోంది.

పనివేళల్లో మెషిన్లు ఆపడానికి లేదు. అందరూ ఇళ్ళకెళ్ళాక, దీపాలు పెట్టే వేళకి గిరిబాబు గది తాళం అడిగాడు. ఊడ్చే లక్ష్మణమ్మ తాళం ఇచ్చింది గాని, చెయ్యి వదల్లేదు.

"ఏటీ ఆర్పకు బాబూ," అంది గొంతు తగ్గించి. "ఆయన ఇంకా పని సేస్తన్నాడు."

తలుపు తోశాడు. చీకటి... దుమ్ము వాసన... ఎవరో ఆగకుండా ఊపిరి తీస్తున్న చప్పుడు. స్విచ్చి నొక్కితే లైటు వెలగలేదు. బల్ల కింద, నేల మీద — ఒక పచ్చటి చుక్క. దాని ముందు ఎండిపోయిన బంతిపూలు. పసుపు. కుంకుమ.

గిరిబాబు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. భయంతో కాదని తర్వాత చెప్పుకున్నాడు. నమ్మినవాళ్ళు నమ్మారు.

ఫోను లైటు వేసి చూశాడు. పాత సర్వరు. ఆ ఊపిరి దాని ఫ్యానుది.

"దీన్ని ఆపమని ఎవరూ సెప్పనేదా?"

లక్ష్మణమ్మ గుమ్మం అవతలే ఉంది. "సెప్పేరు. కరెంటు పనోడొచ్చేడు. నేనే వొద్దన్నాను. మనిషి పోయిన కాడ పదకొండ్రోజులు దీపం ఆరకూడదు గదా. లోపల నిప్పెట్టొద్దన్నారు. ఇదెలాగూ ఎలుగుతన్నాది... ఇదే దీపమనుకున్నాం. పన్నెండో నాడు ఆర్పడానికి ఎవరికీ సెయ్యి రానేదు."

కథంతా అదే. ఆ పాత మెషిన్ నేమ్ సర్వరు. అంటే ఎవరి మెయిల్ ఏ మెషిన్లో పడాలో చెప్పే పోస్టుమాస్టరు లాంటిది. ధనరాజు బల్ల మీద కొత్తది పెట్టాడు. కింద పాతది ఆగలేదు. ఆఫీసులో కొత్త కంప్యూటర్లు కొత్తదాన్ని అడుగుతున్నాయి. పాత కంప్యూటర్లూ, వైజాగ్ హెడ్డాఫీసూ ఇంకా పాతదాన్నే అడుగుతున్నాయి. ఆ మెయిళ్ళన్నీ వచ్చి దీని కడుపులో పడుతున్నాయి. జవాబు సంగతంటారా — తాను లేనప్పుడు దానంతటదే వెళ్ళేలా ధనరాజు ముందే రాసి పెట్టుకున్న ముక్క.

గిరిబాబు నవ్వబోయాడు. అప్పుడు తట్టింది... సెలవే అడగనివాడు ఆ ముక్క ఎందుకు రాసుకున్నట్టు?

ధనరాజు మెయిల్ పెట్టె తెరిచాడు. సోమవారం అర్జీ పెట్టాడు. ఛాతీలో నొప్పి, బుధవారం ఒక్క రోజు కావాలి. మంగళవారం పొద్దున కొత్త మెషిన్‌కి మారాడు. హెడ్డాఫీసు మెయిళ్ళు ఎటు రావాలో చెప్పే ఒక్క లైను మార్చడం మరిచాడు. అదే రోజు మధ్యాహ్నం, పాత మెషిన్లోకి మేనేజరు జవాబొచ్చింది. ఎవరూ తెరవలేదు.

"ఒక రోజేంటయ్యా, రెండు రోజులు తీసుకో. వెంటనే వెళ్ళు."

బుధవారం సాయంత్రం ప్రాణం పోయేదాకా ధనరాజు బల్ల మీది తెర చూస్తూ దాని కోసమే కూర్చున్నాడు. అది ఆయన కాళ్ళ దగ్గరుంది.

గిరిబాబు ఆ లైను సరిచేశాడు. పాత మెషిన్ ఆపేశాడు. గదిలో ఏమీ జరగలేదు. ఏదో ఒకటి జరిగితే బాగుండుననిపించింది అతనికి.

గేటు దగ్గర రాజకుమారి కూర్చునే ఉంది.

"అడిగేడా తమ్ముడూ?"

"అడిగేడక్కా. సోమారమే అడిగేడు. నీకాడ అబద్ధమాడనేదు."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది...

"మరి ఇచ్చేరా?"

గిరిబాబు సంచీ భుజానికెత్తుకున్నాడు.

"ఇవ్వనేదక్కా," అన్నాడు.

వెంటనే వెళ్ళమన్న ఆ పాత మేనేజరుని రాజకుమారి వంశం పేరెత్తి తిట్టింది, గొంతు పోయేదాకా తిట్టింది. గిరిబాబు పక్కనే నిలబడి అంతా విన్నాడు.