తైస్తో పంపే పిలుపు

ఉత్తరాన మంచుదేశపు ఊరు ఔలులో, నది ఒడ్డునున్న ఆ ఆఫీసు నేలమాళిగలో ఒక సౌనా ఉంది. ఆవిరిస్నానపు గది. ఆ ఆఫీసులో పనిచేసే తైస్తో చనిపోయాక దానికి చెడ్డపేరు వచ్చింది. శుక్రవారం చీకటిపడితే అటు ఎవరూ వెళ్లరు. డిసెంబరులో అక్కడ చీకటి మధ్యాహ్నమే పడుతుంది.

అంతకుముందైతే, వారం ముగిసిందంటే అందరూ అందులోనే చేరేవారు. పొయ్యి రాజేసేది తైస్తో. అతను పోయాక కూడా ప్రతి శుక్రవారం అందరి ఫోన్లూ ఒకేసారి మోగేవి. సౌనాకు రమ్మని మెయిలు. పంపింది — తైస్తో.

"చచ్చినా టైము తప్పడు మావాడు!" అని మొదటిసారి ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

యజమాని రాయా, ప్రోగ్రాములు రాసే సైమిని పిలిచింది. "నీ పక్కసీటు వాడేగా. అది ఎక్కణ్నుంచి వస్తోందో చూసి ఆపెయ్యి తల్లీ. జనం హడలిపోతున్నారు."

సైమికి ఆపాలని లేదు. "సైమీ, గది వేడెక్కింది. రా." పేరుపెట్టి ఆమెను రమ్మనే మెయిలు వారం మొత్తానికి అదొక్కటే.

వెతికితే దొరికింది. తైస్తో రాసిన చిన్న ప్రోగ్రాం. మెయిళ్లు పంపే తేలికపాటి లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడు, ఒకటి దానికి తగిలించాడు. ఎవరి పేరున, ఎవరికి, ఏమని... చెబితే చాలు, అదే పంపేస్తుంది. గదిలో వేడి ఎనభై డిగ్రీలు దాటాలని ఒక్క షరతు. దెయ్యం లేదు, ఏమీ లేదు.

రాయా చెప్పినట్టే, ప్రోగ్రాంలో మెయిలు పంపమనే వాక్యాన్ని తీసేసింది. 

అప్పుడు తట్టింది... ఎనభై దాటాలంటే పొయ్యి రాజెయ్యాలి.

ఎవరు రాజేస్తున్నారు?

ఆవేళ శుక్రవారమే, చీకటీ పడింది. నేలమాళిగ మెట్లు దిగింది. తలుపు కింద సన్నటి వెలుతురు. కాలుతున్న కట్టెల వాసన. లోపల... ఎవరో నిట్టూర్చిన చప్పుడు.

తలుపు తోసింది.

బట్టలు మార్చుకునే బల్ల మీద, తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు — ముసలి వాచ్‌మన్ కలెర్వో. చేతిలో ఫోను.

"హడలగొట్టావు కదమ్మా!"

"మీరా...! ఇన్నాళ్లూ పొయ్యి రాజేస్తున్నది మీరా?"

"నేనే. వేడెక్కితేగాని వాడు పిలవడు కదా." ఆయన గొంతు తగ్గిపోయింది. "ఈవేళ ఎనభై ఎప్పుడో దాటింది... ఇంకా పిలవలేదమ్మా."

 సైమి గిరుక్కున వెనక్కి తిరిగింది. తన కంప్యూటరు దగ్గరికి పరుగెడుతూ, సగం మెట్లెక్కాక అరిచి చెప్పింది —

"పొయ్యి ఆర్పకండి. పిలుపు వస్తుంది!"