పిల్లల వార్డు గోడ

కనిగిరి దాటాక పాత మిషన్ ఆసుపత్రి ఒకటి ఉంది. అందులో పిల్లల వార్డు ఎప్పుడో మూతపడింది. చీకటి పడితే మిరప చేలనుంచి వచ్చే కూలీలు ఆ గోడ పక్కగా నడవరు, అరమైలు చుట్టు తిరిగి పోతారు. లోపల ఎవరో తడుతుంటారట. టక్... ఆగి, మళ్లీ టక్.

ఇది నాకు మాబు సాహెబ్ చెప్పాడు. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర ముప్పై ఏళ్లు మంట చూసిన మనిషి. కల్పించి చెప్పే రకం కాదు.

2003లో ఆ వార్డులోని బొమ్మను బాగుచెయ్యడానికి ఒంగోలునుంచి జాస్మిన్ అనే డ్రాయింగ్ టీచరు వచ్చింది. పింగాణీ పలకలమీద చేత్తో వేసిన పెద్ద బొమ్మ అది — బావి దగ్గర ఒక తల్లి, చుట్టూ దోసిళ్లు పట్టిన పిల్లలు. డెబ్బై ఏళ్లనాటిది. ఆరు పలకలు ఊడి పగిలిపోయాయి.

వాటిని పాత పద్ధతిలోనే చెయ్యాలని ఆమె పట్టుదల. పాత ఫొటో చూసి కాగితంమీద గీసి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి అద్ది, పలకమీద పడిన ఆ చుక్కల వెంబడి కుంచె నడిపేది. ఒకసారి పడిన గీతను చెరపడం కుదరదు. రెండుసార్లు బట్టీలో పగిలాయి. మూడోసారితో రంగు కూడా అయిపోయింది.

పలకలు కాల్చే బట్టీ వార్డు వెనకే కట్టించింది, మంట చూడటానికి సాహెబ్‌ను పిలిపించింది. పొద్దున అంటించిన మంట, రాత్రయినా ఆపడానికి లేదు.

"విన్నారా, సాహెబ్ గారూ?" అంది జాస్మిన్ గుసగుసగా.

విన్నాడు. వార్డులోంచి... టక్.

"వెళ్లకండమ్మా," అన్నాడు. మంట వదిలి తను లేవలేడు.

ఆమె భయం దెయ్యం గురించి కాదు. ఇంకో పలక ఊడితే వెయ్యడానికి రంగు లేదు. టార్చి పట్టుకుని వెళ్లి తలుపు తోసింది.

గోడ దగ్గర... తెల్లచీర. వంగి, పలకల్ని ఒక్కొక్కటే తడుముతోంది.

"ఎవరండీ అది?"

"నేనమ్మా, వెంకటరావమ్మని. ఇక్కడ ఆయాగా చేశాను. ఈ ప్రహరీ అవతలే ఇల్లు."

ముసలామె వేలికి సున్నం ఉంది. ఊడబోయే పలకల అంచుల్లో ఇన్నేళ్లుగా ఆమే సున్నం మెత్తుతోందట.

జాస్మిన్‌కి ప్రాణం కుదుటపడింది. "అయితే జనం భయపడేది మీ చప్పుడుకా?"

"చప్పుడు నాది కాదమ్మా. అది విన్నాకే నేనొస్తాను. ఏది ఊడబోతుందో... ఆ పలకే మోగుతుంది."

టక్.

అడుగు వరసలో, ఒక పిల్ల దోసిలి ఉన్న పలక. జాస్మిన్ రెండు చేతులూ ఆనించింది. పలక కదిలింది — కిందికి జారలేదు. లోపలినుంచి ఎవరో నెడుతున్నట్టు ముందుకొచ్చింది. ఆమె మోకాళ్లమీద కూర్చుని భుజంతో ఆపింది. ముసలామె కూడా చెయ్యి వేసింది. తెల్లవార్లూ ఇద్దరూ అలాగే ఉన్నారు.

బట్టీ చల్లారాక తీస్తే ఆరు పలకలూ చెక్కుచెదరలేదు. ఇప్పుడు గోడమీదే ఉన్నాయి. కానీ ఆ తెల్లవారి చూసింది మాత్రం సాహెబ్ చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

కదిలిన పలకను మళ్లీ అతికించడానికి అతనే ఊడదీశాడు. వెనక రెండడుగుల మందాన రాతిగోడ. సందు కూడా లేదు. వెంకటరావమ్మ మెత్తిన సున్నం అంచుల్లోనే ఉంది. మధ్యలోది డెబ్బై ఏళ్లనాటి సున్నం... దానిమీద ఒక అరచెయ్యి అచ్చు. నాలుగేళ్ల బిడ్డ చెయ్యంత.

సాహెబ్ వేలు పెట్టి చూశాడు.

తడిగా ఉంది.