నువ్వుగింజంత మచ్చ

సత్తుపల్లి బస్టాండులో వరి శాస్త్రవేత్త డాక్టర్ వెంకటనారాయణ టీ సగం తాగి బెంచీ మీద ఒరిగిపోయాడు. పోస్ట్‌మార్టంలో సయనైడ్ అని తేలింది.

మర్నాడే హైదరాబాదులో గూఢచారి విభాగం చీఫ్ వెంకటరామారావు ఏజెంట్ హాతీరాంని పిలిపించాడు. అది 1983, వానాకాలం.

"అగ్గితెగులు తెలుసా?"

"వరికొచ్చేది. ఆకు కాలినట్టయితది సార్."

"ఓ విదేశీ ముఠా ల్యాబ్‌లో దాని కొత్త రకాన్ని పెంచింది. రోగం వాళ్లదే, దానికి మందు అమ్మేదీ వాళ్లే. భద్రాచలం అడవి అంచున భీమక్క అనే కోయ రైతు పండించే పాత వరి ఒక్కటే దాన్ని తట్టుకుంటుందని వెంకటనారాయణ కనిపెట్టాడు. అందుకే చంపారు. ఆ చేను కాపాడు. అక్కడ మన సైంటిస్ట్ నిర్మలాదేవి ఉంటుంది. కోడ్‌వర్డ్, గోదారి ఎర్రబడ్డది."

హాతీరాం స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్ వేషం కట్టాడు. వీపున స్ప్రేయర్, ట్యాంకులో పురుగులకు రైతులు కొట్టే మిరపకాయ కషాయం. బస్సు దిగి టేకు చెట్ల మధ్య నడుస్తూ, వెనక ఆకు కదిలినా ఆగి తిరిగి చూశాడు. ఆ డాక్టరు కూడా ఈ దారినే వచ్చిపోయాడు.

చేను గట్టున నల్ల కళ్లద్దాలతో, షిఫాన్ చీరలో నిర్మలాదేవి నిలబడి ఉంది.

"గోదారి ఎర్రబడ్డది," అన్నాడు.

"ఎగువన వానలండి." జవాబు సరిపోయింది. "లేటయ్యారు. చేనుకు తెగులు పట్టేసింది. ఊళ్లకు పాకకముందే తగలబెట్టాలి."

కిరోసిన్ అప్పటికే చల్లించింది. భీమక్క ఇంట్లో ఉన్న విత్తనాల గంపలు కూడా తెప్పించి చేలోనే పెట్టించింది. వాటి పక్కన ఆమె కూలబడి ఉంది.

"మా అమ్మ ఇచ్చిన వరి సారూ. కాలవెట్టకుండ్రి."

నిర్మలాదేవి అగ్గిపెట్టె అతని చేతిలో పెట్టింది. హాతీరాం వంగి, పెన్ను మూతలోని లెన్స్‌తో ఆకును చూశాడు. గోధుమరంగు మచ్చలు, నువ్వుగింజంత. తన తండ్రి పొలంలో అగ్గితెగులు ఎలా వచ్చిందో అతనికి గుర్తుంది. మచ్చ నడుమ బూడిదరంగు తిరిగి, నూలు కండెలా సాగి, ఒకదాంతో ఒకటి కలిసిపోయేది. ఇక్కడ మచ్చ పుట్టిన చోటే ఆగిపోయింది. రోగం దిగిన చోట చుట్టూ ఉన్న కణాలు తమంతట తామే చచ్చి, దానికి తిండి లేకుండా చేశాయి.

మరి ఈ రోగాన్ని ఇక్కడికి తెచ్చిందెవరు?

"మేడం, ఇది తెగులు పట్టింది కాదు. తెగులును ఆపింది."

"తెలుసండి. ముఠా ఇచ్చిన ఆ తెగులు ఇక్కడ చల్లింది నేనేగా." కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. "గీయండి."

అతను గీసిన పుల్ల విరిగింది. ఆమె విసుక్కుని ఎడమచేత్తో లైటర్ వెలిగించింది. గంప మీదికి వంగింది.

హాతీరాం స్ప్రేయర్ మీట నొక్కాడు. మిరప తన గింజను బూజు నుంచి కాచుకోవడానికి దాచుకున్న కారమంతా ఆమె కళ్లలో పడింది. తూటా అతని చెవి పక్కనుంచి పోయింది. లైటర్ జారింది. అది గంపను తాకేలోపు భీమక్క మంటతో సహా గుప్పిట్లో పట్టి నలిపేసింది. అరచెయ్యి కమిలిపోయినా గుప్పిట విప్పలేదు. హాతీరాం నిర్మలాదేవి చేతిలోంచి పిస్టల్ లాక్కుని, స్ప్రేయర్ పట్టీతో ఆమె చేతులు కట్టేశాడు.

సాయంత్రం వైర్‌లెస్‌లో మాట్లాడుతుంటే కూడా హాతీరాం పళ్లు టకటకలాడుతున్నాయి.

"భయపడ్డావా?" అన్నాడు చీఫ్.

"శానా సార్. ఉరుకుదామనుకున్న, కాళ్లు రాలే. వరి లెక్కనే ఆడనే నిలబడ్డ."