ఉక్కు తీగకు ఎంగిలి

"ఆధార్ కార్డు రెండు పక్కలా తీస్తారాప్పా?"

"మూడో పక్క కూడా తీస్తాం. పైకి పో."

కర్నూలు కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ జిరాక్స్ షాపులో కోడ్ సరిగ్గా చెప్పినవాడికే మేడమెట్లు కనిపిస్తాయి. ఏజెంట్ ఓబుళేశు రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్లాడు. చీఫ్ లక్ష్మీప్రియ పలకరింపులు లేకుండా విషయంలోకి దిగింది.

"ఓర్వకల్లు కొండల పక్కన రక్షణ శాఖ పరీక్షా కేంద్రం. రేపు మధ్యాహ్నం పన్నెండుకు కొత్త రాకెట్ ఇంజన్ టెస్ట్. నలభై మంది సైంటిస్టులు ఉంటారు. వాళ్లను లేపేయడానికి విదేశీ ముఠా దిగింది. లీడర్ పేరు తెలియదు. ఫొటో లేదు."

"పేరు నాకూ తెలీదు మేడం. వాని కాడ ఏముండాదో తెలుసు."

ఓబుళేశు ఫోన్ తీసి ఒక సినిమా టీజర్ నడిపాడు. ఓర్వకల్లు బండల మీద కూర్చుని హీరో నల్లటి గిటార్ వాయిస్తున్నాడు. అక్కడ ఆపాడు.

"ఇది దావీదురాజు గిటార్."

లక్ష్మీప్రియ ముఖం మారింది. దావీదురాజు ఆదివారాలు కడప చర్చిలో గిటార్ వాయిస్తూ, మిగిలిన ఆరు రోజులూ ఈ ముఠానే వెంటాడిన ఏజెంట్. మూడేళ్ల కిందట ఎర్రగుంట్లలో రైలు పట్టాల పక్కన శవమై దొరికాడు. గిటార్ మాత్రం దొరకలేదు. ఓబుళేశుకు అతను తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. ఆనాటి నుంచి తిన్న తిండి ఒంటికి పట్టలేదు గానీ పగ మాత్రం బాగా పట్టింది.

"నల్ల గిటార్లు లక్ష ఉంటాయి" అంది చీఫ్.

"దీని అసలు రంగు తేనె రంగు. యాభై ఎనిమిదిలో వాళ్ల తాత కలకత్తాలో కొన్నాడు. ఈడ సూడండి. తీగల మొదట్లో ఆరు పిన్నులు. అయిదు తెల్లవి, ఒకటి నల్లది. ఆ నల్లది ఎద్దు కొమ్ము. పిన్ను పోతే దావీదు నా ఎదురుగానే చెక్కినాడు. రంగేసినోడు కొమ్మును మర్సిపోయినాడు."

బొమ్మను ఇంకా పెద్దది చేశాడు. గిటార్ తల దగ్గర ఒక తీగ తెగితే, మిగిలిన ముక్కకే కొత్త తీగను ముడివేశారు.

"దావీదు తీగ తెగితే పారేసి కొత్తది ఎక్కిస్తాడు. ఈ ముడి వాడు పోయినాక పడింది. ఎమ్మిగనూరులో మా యమ్మ మల్లక్క, మగ్గం మీద పోగు తెగితే ఇట్లనే అతుకుతాది. సంపినోడు నేతగాళ్ల ఇంట్లో పుట్టినోడు మేడం."

"వాడు ప్రాణాలతో కావాలి ఓబుళేశూ. ముఠా మొత్తం వాడి నోట్లో ఉంది."

ఓబుళేశు అప్పటికే రెండేసి మెట్లు దిగుతున్నాడు.

మరునాడు పదకొండున్నరకు ఓర్వకల్లు బండల మధ్య షూటింగులో హైదరాబాద్ నుంచి వచ్చిన గిటార్ మెకానిక్ ఒకడు తేలాడు. పిలక విగ్గు, చెవికి పోగు. కొడుకును ఆ వేషంలో చూస్తే మల్లక్క చీపురు తీసుకునేదే.

క్లైమాక్స్ షాట్ పన్నెండుకు. హీరో గిటార్ వాయిస్తాడు, వెనక బాంబు పేలుతుంది, పైన డ్రోన్ తిరుగుతుంది. ఆ డ్రోన్ పొట్ట కింద కెమెరాకన్నా పెద్ద పెట్టె చూడగానే ఓబుళేశుకు పథకం అర్థమైంది. కొండ అవతల అసలు బాంబు పడినా జనం సినిమా బాంబే అనుకుంటారు. కానీ ఆపరేటర్ ఉత్త జీతగాడు. యూనిట్లో నూటయాభై మంది. వీళ్లలో హంతకుడెవడు?

ఓబుళేశు గిటార్ శ్రుతి చేస్తున్నట్టు నటించి ఒక తీగను టప్పున తెంపేశాడు.

"స్పేర్ తీగలు లేవు సార్. కర్నూలు పోయి తేవాలి."

ఆర్ట్ డైరెక్టర్ స్వర్ణలత నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూసింది. రెండు పడవల మీద కాళ్లున్న మనిషని డిపార్ట్‌మెంట్ ఫైల్లో రాసి ఉంది. అందం గురించి ఫైల్లో రాయలేదు, అది పొరపాటే.

"నో టైమ్! గివ్ ఇట్ టు మీ!" ప్రొడ్యూసర్ అవినాష్ గిటార్ లాక్కున్నాడు. సింగపూర్లో పుట్టానని, తెలుగు రాదని చెప్పుకునే పెద్దమనిషి. టైమ్ పదకొండూ యాభై నాలుగు. తెగిన రెండు కొసలూ దగ్గరికి తెచ్చాడు. బొటనవేలూ చూపుడువేలూ నాలుకకు అద్దుకున్నాడు. కొసలు తడిపి, మెలిపెట్టి, కన్ను మూసి తెరిచేలోగా ముడి బిగించాడు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నూలు పోగైతే తడిపితేనే అతుకుతుంది.

"ఉక్కు తీగకు ఎంగిలి ఎందుకప్పా?" మెల్లగా అడిగాడు ఓబుళేశు. "ఏ మగ్గం మీది? ఎమ్మిగనూరా, కోడుమూరా?"

"ఏం కూస్తాండావురా!"

సింగపూర్ ఒక్క క్షణంలో కోడుమూరు దాటి వచ్చేసింది. అవినాష్ నాలుక కరుచుకుని, జేబులోని రిమోట్ నొక్కాడు. డ్రోన్ ఆపరేటర్ చేయి దాటి పైకి లేచి, కొండ వైపు దూసుకుపోయింది.

ఓబుళేశు గిటార్ లాక్కుని, దాని తలకు తాను ముందే తగిలించిన ట్యూనర్ నొక్కాడు. అది ట్యూనర్ కాదు, సిగ్నల్‌ను అడ్డుకునే జామర్. డ్రోన్ ఆగలేదు. మళ్లీ నొక్కాడు. ఆగలేదు.

"నాలుగో ఛానెలప్పా! పొద్దున్నే మార్చినారు!" అరిచింది స్వర్ణలత.

నాలుగు నొక్కాడు. పదకొండూ యాభై తొమ్మిదికి, కొండ అంచు దాటబోతున్న డ్రోన్ గిరగిరా తిరిగి ఇవతలి లోయలో పడి పేలింది. బండలు అదిరాయి.

"సూపర్ టేక్!" అన్నాడు డైరెక్టర్. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లలో అవినాష్ పిస్టల్ తీశాడు. ఓబుళేశు గుద్దుకు అతను బండ మీద పడ్డాడు, పిస్టల్ జారింది. దానికోసం చాచిన కుడిచేతిని ఓబుళేశు బూటుతో తొక్కాడు. అది డ్యూటీ. ఖాళీగా ఉన్న ఎడమచేతిని కూడా తొక్కాడు. అది దావీదురాజు కోసం. మూడేళ్ల నుంచి ఛాతీలో బిగుసుకున్నదేదో ఆ ఎముకల చప్పుడుకు వదిలింది. జాలి కలగలేదు, కలగాలని అతనూ కోరుకోలేదు.

"మీ కోసరమే పోస్టర్లో పెట్టినాను, టీజర్లో పెట్టినాను ఆ గిటార్‌ను" అంది స్వర్ణలత, అవినాష్ పిస్టల్‌ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటూ. "మీకు ఇప్పుడా కండ్లు కనపడేది?"

ఫోన్ మోగింది. లక్ష్మీప్రియ.

"ప్రాణాలతోనే పట్టుకున్నావు కదా ఓబుళేశూ?"

"నోరు బాగానే ఉండాది మేడం. సంతకం కావాలంటే మాత్రం వేలిముద్ర కూడా కష్టమే."