మూడో పిలుపుకు ముందే

“మీ చార్టులో ఒక తప్పుంది, మేడమ్.”

జూనియర్ లాయరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇరవై దేశాల చట్టాలను పోలుస్తూ, మూడు నెలలు కోర్టు లైబ్రరీలో కూర్చుని తయారుచేసిన చార్టు అది. రేపే సీనియర్ల ముందు ప్రసంగం. ఇన్నాళ్లూ పుస్తకం బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకోవడమే తప్ప పలకని కుర్ర లైబ్రేరియన్ నోరు విప్పింది దీనికా!

“ఏమిటో ఆ తప్పు?”

“నిందితుడు మౌనంగా ఉంటే దాన్ని అతనికి వ్యతిరేకంగా తీసుకోకూడదని అన్ని దేశాలకూ రాసేశారు. కొన్నిచోట్ల ముందే హెచ్చరిస్తారు. అప్పుడూ నోరు విప్పకపోతే జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు.”

“పుస్తకాలు సర్దేవాళ్లు కూడా నాకు లా చెప్పేవాళ్లే!”

అతను ఓ పుస్తకం తెరిచి ఆమె ముందుంచి వెళ్లిపోయాడు. చదివింది. అతనిదే రైటు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మర్నాడు హాల్లో ఓ తలపండిన సీనియర్ సరిగ్గా ఆ సంగతే అడిగాడు. ఆమె తడుముకోకుండా, ఏ దేశంలో ఎలాగో విడమరిచి చెప్పింది. “నా తప్పు దిద్దింది మన లైబ్రేరియన్ గారు” అని కూడా చెప్పింది. చప్పట్లు ఆగలేదు.

తలుపు దగ్గర ఆమె నాన్న నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా ఆ కోర్టులో కేసులు పిలిచే అటెండరు. “మా అమ్మాయండీ!” అని వచ్చేపోయే వాళ్లందరికీ చెబుతున్నాడు. గర్వంతో ఆయన కాలు నేల మీద నిలవడం లేదు.

ఆమె నేరుగా హాల్లో వెనక వరసలో ఉన్న లైబ్రేరియన్ దగ్గరకెళ్లింది.

“నిన్నటి మాటకు సారీ. ఇంకో ప్రశ్న. మూడు నెలలుగా కిటికీ పక్క కుర్చీలో నన్ను తప్ప ఎవర్నీ కూర్చోనివ్వరట. ఎందుకండీ?”

అతను నేలచూపులు చూశాడు.

“ఈ మౌనానికి ఏ దేశం చట్టం వర్తిస్తుందంటారు?”

అతను కళ్లజోడు తీసి తుడవడం మొదలెట్టాడు. వెనకే వచ్చిన నాన్న అంతా విన్నాడు. గొంతు సవరించుకుని, కేసు పిలిచినట్టే పిలిచాడు.

“లైబ్రేరియన్ గారూ! లైబ్రేరియన్ గారూ!”

హాలంతా ఇటు తిరిగింది.

“నాన్నా, పరువు తీస్తున్నావ్!”

“నువ్వుండమ్మా. మూడో పిలుపుకీ పలక్కపోతే మా దగ్గర కేసు కొట్టేస్తారు.” ఆయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

“ఉన్నానండీ!” లైబ్రేరియన్ గొంతుకు గోడలు దద్దరిల్లాయి. “మీ అమ్మాయంటే నాకు ఇష్టమండీ! పెళ్లి చేసుకుంటానండీ!”

ఆమె తలెత్తింది. “నేనూరుకుంటే ఒప్పుకున్నానని రాసేసుకుంటారు. అందుకని నోటితోనే చెబుతున్నాను. నాకూ ఇష్టమే.”

నాన్న కళ్లు తుడుచుకుని అతని భుజం తట్టాడు.

“నా సర్వీసు మొత్తంలో మూడో పిలుపుకు ముందే ఇంత గట్టిగా పలికినవాడివి నువ్వొక్కడివే, అల్లుడూ!”